కారు దిగింది... అమ్మ కూడా దిగిపోయింది!

కిందటేడాది కార్తీకమాసం. ఆదివారం పొద్దున్నే ఇంటిల్లిపాదీ యాదగిరిగుట్టకు బయల్దేరాం. కారు మా తమ్ముడిది. 2016 మోడల్ పోలో జీటీ టీఎస్ఐ. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. అదంటే వాడికి ప్రాణం. వారానికోసారి వాడే కడుగుతాడు, వాడే తుడుస్తాడు. ఇంకొకర్ని ముట్టుకోనివ్వడు.

ఆ రోజు కారు ఎందుకో కొత్తగా కనిపించింది. పరీక్షగా చూస్తే, నేలకు అతుక్కుపోయినట్టుంది. టైరుకీ పైనున్న రేకుకీ మధ్య వేలు కూడా పట్టేలా లేదు. ‘ఏంట్రా ఇది, గాలి తగ్గిందా?’ అన్నాను. వాడు జాలిగా చూసి ‘అక్కా, కాయిలోవర్లు వేయించాను’ అన్నాడు. ఆ ‘కాయిలోవర్లు’ అన్న మాట వాడి నోట ఎలా వచ్చిందంటే... పెళ్లిలో కొత్త నగ పెట్టుకున్న ఆడపిల్ల మాట్లాడినట్టు!

ఉప్పల్ దాటేవరకూ బాగానే ఉంది. ఆ తరవాత మొదలైంది. ప్రతి గతుకూ నేరుగా వీపులోకి వస్తోంది. స్పీడ్‌బ్రేకర్ ఎక్కిన ప్రతిసారీ కింద ‘కర్ర్...’మని చప్పుడు. మా తమ్ముడు స్పీడ్‌బ్రేకర్‌ను అడ్డంగా, ఐమూలగా, పాకుతున్నట్టుగా దాటిస్తున్నాడు. వెనక నుంచి లారీలవాళ్లు హారన్ల మీద హారన్లు. వెనక సీట్లో మా అమ్మ మాట్లాడటం మానేసింది. ఆమెకు మూడేళ్లుగా నడుము దగ్గర డిస్కు సమస్య ఉంది. కుదుపులు వద్దని డాక్టరు మరీ మరీ చెప్పారు. బీబీనగర్ దాటాక అంది: ‘ఒరేయ్ నాన్నా, బండి ఓ పక్కన ఆపు.’ ఆపాడు. దిగింది. వెనకాలే వస్తున్న పల్లెవెలుగు బస్సుకు చెయ్యెత్తింది. ఎక్కేసింది!

లక్షలు పోసి కొన్న కారు కంటే ఆర్టీసీ బస్సే మేలని కన్నతల్లి తేల్చేసిన ఆ క్షణంలో మా తమ్ముడి మొహం చూడాలి. నవ్వొచ్చింది. కానీ గుట్ట మీద అమ్మ మెట్టు మెట్టుకీ నడుం పట్టుకుని ఆగుతుంటే నవ్వు పోయింది. అసలు ఈ కాయిలోవర్లంటే ఏమిటి? ఎవరికి పనికొస్తాయి? కొంటే ఎలాంటివి కొనాలి? తెలుసుకుందామని బయల్దేరాను. ఈ వారం ఆ కబుర్లే.

ఒకటి మోస్తుంది, ఒకటి ఆపుతుంది

సస్పెన్షన్ పని మాత్రమే చేసే ఓ పెద్ద మేస్త్రి దగ్గరికి తమ్ముణ్ని లాక్కెళ్లాను. ముప్ఫయ్యేళ్లుగా అదే పని. ఆయన ఒక్క ముక్కలో పాఠం చెప్పేశాడు. ‘మేడం, స్ప్రింగు బరువు మోస్తది. షాకబ్జార్బరు దాని ఎగురుడు ఆపుతది. గంతే.’

నిజంగా అంతే. ఎద్దుల బండికి ఆ రెండూ లేవు. అందుకే ప్రతి రాయీ నడుముకు తెలుస్తుంది. లారీకి కమాన్ కట్టలుంటాయి. కారుకు చుట్టల స్ప్రింగులు. గుంత వచ్చినప్పుడు స్ప్రింగు నొక్కుకుపోయి దెబ్బను తను మింగేస్తుంది. మింగినదాన్ని మళ్లీ తిరిగిచ్చేస్తుంది కదా! స్ప్రింగు ఒక్కటే ఉంటే ఒక్క గుంతకి కారు పది సార్లు ఊగుతుంది. ఆ ఊపును షాకబ్జార్బరు ఆపుతుంది. దీన్నే డ్యాంపర్ అనీ అంటారు. అందులో నూనె ఉంటుంది. సన్నటి దారుల్లోంచి ఆ నూనె కష్టపడి వెళ్లాలి. ఆ కష్టంలోనే ఊపు వేడిగా మారి పోతుంది.

ఈ స్ప్రింగును డ్యాంపర్ చుట్టూ తొడిగి, రెండిటినీ ఒకే కట్టగా చేస్తే అదే కాయిలోవర్. ఆ మాటకొస్తే చాలా కార్లకు ముందు చక్రాల దగ్గర కంపెనీవాళ్లే ఇలా కలిపి ఇస్తారు. మెక్‌ఫర్సన్ స్ట్రట్ అంటారు. 1950లో బ్రిటన్‌లో వచ్చిన ఫోర్డ్ కాన్సల్‌తో బాగా ప్రాచుర్యంలోకి వచ్చిన పద్ధతి ఇది. మరి బయట డబ్బు పోసి కొనేదాంట్లో కొత్తేముంది? మరలు! డ్యాంపర్ గొట్టం మీద బోల్టుకు ఉన్నట్టు మరలు ఉంటాయి. స్ప్రింగు కూర్చునే పళ్లేన్ని ఆ మరల మీద తిప్పి పైకో, కిందికో జరపొచ్చు. అంటే కారు ఎత్తు మన చేతిలో ఉంటుంది. కొన్నిటికి డ్యాంపర్ బిగువు కూడా మార్చుకునే వీలుంటుంది.

ఇంకో విషయం. పోలోలాంటి కార్లలో వెనక చక్రాల దగ్గర స్ప్రింగు వేరు, డ్యాంపర్ వేరు. రెండూ విడివిడిగా కూర్చుంటాయి. కాబట్టి ‘నాలుగు కాయిలోవర్లు’ అని అమ్మినా, వెనకవి రెండూ ఎత్తు మార్చుకునే స్ప్రింగులూ, విడి డ్యాంపర్లే. అది మోసం కాదు. ఆ కారు కట్టుబడే అంత.

దించితే పట్టు పెరుగుతుందా?

‘కారు ఎంత కిందికుంటే మలుపుల్లో అంత పట్టు’ అన్నది మా తమ్ముడి వాదన. వాడిది పూర్తిగా తప్పు కాదు. బరువు నేలకు దగ్గరైతే ఒరగడం తగ్గుతుంది. రేసు కార్లన్నీ అందుకే అలా ఉంటాయి. కానీ అవి తిరిగేది చాపలాంటి ట్రాక్ మీద. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోనో, కోయంబత్తూరులోని కారీ స్పీడ్‌వేలోనో స్పీడ్‌బ్రేకర్లుండవు. మన కాలనీలో ఉంటాయి.

మేస్త్రి కారును లిఫ్ట్ మీద ఎక్కించి కింది భాగం చూపించాడు. చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్ మామూలుగా ఉండాల్సిన దానికి బదులు, చక్రం వైపు పైకి లేచి ఉంది. ‘ఇట్లయితే తమ్మీ, బండి కిందికయితది గానీ మలుపుల ఇంక ఎక్కువ ఒరుగుతది’ అన్నాడు. తమ్ముడు నమ్మలేదు. కానీ ఇంజినీరింగ్ పుస్తకాలు కూడా ఇదే చెబుతాయి. మెక్‌ఫర్సన్ కార్లలో ఎత్తు మరీ తగ్గిస్తే, కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు బరువు కేంద్రం కంటే వేగంగా కిందికి జారుతుంది. రెండిటి మధ్య దూరం పెరిగి, ఒరిగే బలం పెరుగుతుంది. ఎత్తు తగ్గించి సాధిద్దామనుకున్నదాన్ని ఎత్తు తగ్గించడమే పాడుచేస్తుందన్నమాట.

రెండోది ఇంకా ముఖ్యం. స్ప్రింగు నొక్కుకోవడానికి కొంత జాగా కావాలి. కారును కిందికి దించిన ప్రతి మిల్లీమీటరూ ఆ జాగాలోంచి కోసుకున్నదే. జాగా అయిపోతే డ్యాంపర్ చివర ఉండే రబ్బరు దిమ్మకు కొట్టుకుంటుంది. దాన్ని బంప్ స్టాప్ అంటారు. అక్కడికి చేరాక స్ప్రింగు ఉన్నా లేనట్టే. కారు రాయిలా ఎగురుతుంది. గాల్లో ఉన్న టైరుకు పట్టెక్కడిది?

ఇది వింటూ మా తమ్ముడు ఉన్నట్టుండి మౌనంగా అయిపోయాడు. కాసేపటికి నోరు విప్పాడు. పదిహేను రోజుల కిందట ఔటర్ రింగ్ రోడ్డు దిగుతుంటే, ర్యాంపు మలుపు మధ్యలో ఓ అతుకు తగిలిందట. వెనక చక్రాలు ఎగిరి కారు అడుగు దూరం పక్కకు జరిగిందట. పక్కన ఏ బండీ లేదు కాబట్టి సరిపోయింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అమ్మ నడుం సంగతి మాకు తెలిసింది గానీ, ఇది తెలియనే లేదు.

చిన్న లెక్క వేద్దాం

వాడు కొన్న కిట్ చౌకది. స్ప్రింగు మీద ‘6’ అని రాసి ఉంది. అంటే ఆ స్ప్రింగును ఒక మిల్లీమీటరు నొక్కడానికి 6 కిలోల బరువు కావాలి. రోజూ ఇంటికీ ఆఫీసుకీ తిరిగే చిన్న కార్ల ముందు స్ప్రింగులు సాధారణంగా ఇందులో సగం కూడా ఉండవు. 2.5 అనుకుందాం. ముందు చక్రం ఒక్కోదాని మీద 300 కిలోల బరువనుకుందాం.

రెండున్నర స్ప్రింగు ఆ బరువుకు 120 మిల్లీమీటర్లు కుంగుతుంది. ఆరు స్ప్రింగు 50 మిల్లీమీటర్లే కుంగుతుంది. మొదటిది నిమిషానికి దాదాపు 86 సార్లు ఊగే లయలో ఉంటుంది. రెండోది దాదాపు 134 సార్లు. మొదటిది తీరిగ్గా నడిచినట్టు. రెండోది పరుగు. చక్రం కింద రెండు సెంటీమీటర్ల రాయి పడిందనుకోండి. మొదటి కారులో అది 50 కిలోల బలంతో పైకి పొడుస్తుంది. రెండోదాంట్లో 120 కిలోలతో. మా అమ్మ బస్సెందుకు ఎక్కిందో ఈ ఒక్క అంకె చెప్పేస్తుంది.

సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్నది కారు స్వభావానికి నాడిలాంటిది. కుటుంబ కార్లు సాధారణంగా సెకనుకు ఒకటి నుంచి ఒకటిన్నర సార్లు. రోడ్డు మీద తిరిగే స్పోర్ట్స్ కార్లు ఒకటిన్నర నుంచి రెండు. రెండు దాటితే అది ట్రాక్ దారి పట్టినట్టే. అమ్మేవాణ్ని ‘ఎంత కిందికి దిగుతుంది?’ అని కాదు, ‘స్ప్రింగు ఎంత?’ అని మొదట అడగాల్సింది ఇందుకే.

స్ప్రింగు బిగువు పెరిగితే, దాన్ని ఆపే డ్యాంపర్ బిగువూ పెరగాలి. లేకపోతే కారు పడవలా ఊగుతుంది. అలాగని డ్యాంపర్‌ను మరీ బిగిస్తే? టోల్‌గేట్ల ముందు వరసగా వేసే సన్నటి గీతల్లాంటి గట్లుంటాయి చూశారా, వాటి మీదికి వెళ్లినప్పుడు స్ప్రింగు ఒక గట్టు నుంచి తేరుకునేలోపే రెండోది వస్తుంది. తిరిగి లేచే తీరిక ఉండదు. కారు అంతకంతకూ కిందికి కుంగుతూ పోయి, చివరికి రబ్బరు దిమ్మ మీద కూర్చుంటుంది. అందుకే ‘ఎంత గట్టిగా ఉంటే అంత స్పోర్టీ’ అన్నది అపోహ.

మార్కెట్లో ఏముంది?

పేరున్న కిట్లను స్థూలంగా మూడు మెట్లుగా చూడొచ్చు.

మొదటి మెట్టు... ఎత్తు మాత్రమే మార్చుకునేవి. డ్యాంపర్ బిగువును ఆ కారుకు తగ్గట్టు కంపెనీవాళ్లే స్థిరపరిచి ఇస్తారు. జర్మనీకి చెందిన బిల్‌స్టీన్ బీ14, కేడబ్ల్యూ వేరియంట్ 1 ఈ రకం. రోడ్డు మీద మాత్రమే తిరిగేవారికి ఇవి చాలు. తిప్పడానికి మీట లేదు కాబట్టి తప్పుగా తిప్పే ప్రమాదమూ లేదు!

రెండో మెట్టు... బిగువు కూడా మార్చుకునేవి. బిల్‌స్టీన్ బీ16లో పది మెట్లుంటాయి. తైవాన్‌కు చెందిన బీసీ రేసింగ్ బీఆర్ కిట్‌లో 30 క్లిక్కులు. వారమంతా ఆఫీసు, ఎప్పుడో ఓసారి ట్రాక్ అనేవారికి ఇవి పనికొస్తాయి.

మూడో మెట్టు... కుంగేటప్పుడు ఒక బిగువు, లేచేటప్పుడు ఇంకో బిగువు విడివిడిగా పెట్టుకునేవి. కేడబ్ల్యూ వేరియంట్ 3 ఇలాంటిది. ఏ మీట ఏం చేస్తుందో తెలిసి, రాసుకుంటూ సర్దుకునే ఓపిక ఉంటేనే దీని జోలికి వెళ్లాలి. లేకపోతే వేల రూపాయలు పోసి ముప్ఫై రకాల తప్పులు కొనుక్కున్నట్టే.

ఎత్తు మార్చే పద్ధతిలోనూ రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో స్ప్రింగు పళ్లెం మాత్రమే జరుగుతుంది. కారు దిగిన కొద్దీ డ్యాంపర్ లోపలి జాగా తగ్గుతుంది. రెండోదాంట్లో డ్యాంపర్ కిందనున్న బ్రాకెట్టే జరుగుతుంది. జాగా తగ్గదు. అయితే ఇందులోనూ ఒక మెలిక ఉంది. డ్యాంపర్‌కు జాగా ఉన్నా, టైరు పైకి లేచి ఫెండర్‌కు తగలొచ్చు. లోపలి జాగా ఎంతున్నా, చక్రానికి ఉన్న జాగా అంతే కదా!

మంచి కిట్‌తో పాటు ఒక కాగితం వస్తుంది. ముందు ఇంత నుంచి ఇంత వరకు, వెనక ఇంత నుంచి ఇంత వరకు దించొచ్చని అందులో ఉంటుంది. జర్మన్ కిట్లకు ఆ దేశంలోని టీయూవీ సంస్థల పరీక్ష పత్రం ఉంటుంది. ఆ హద్దుల్లోనే ఆ కిట్ పరీక్షకు నిలిచిందని అర్థం. మరలు ఇంకా కిందికి ఉన్నాయి కదా అని తిప్పుకుంటూ పోతే, ఆ తరవాత జరిగేదానికి పూచీ మనదే.

మన రోడ్ల మాటేమిటి?

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి ప్రమాణం ప్రకారం స్పీడ్‌బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అలా ఉంటే గంటకు 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటొచ్చు. మన వీధుల్లో చాలాచోట్ల ఉండేవి ఇవి కావు. మూరెడు వెడల్పుతో నిటారుగా లేచిన గట్లు. రాత్రికి రాత్రే పుట్టేవి కొన్ని. పోలోకు కంపెనీ ఇచ్చిన ఎత్తు దాదాపు 165 మిల్లీమీటర్లు. అందులోంచి 50 తీసేసి, నలుగురు కూర్చుని, డిక్కీలో సామాను పెడితే ఏం మిగులుతుంది? ఆ ‘కర్ర్...’మనే చప్పుడే. ఇంజిన్ ఆయిల్ ఉండే సంపు పగిలితే ఖర్చు ఇంజిన్‌దాకా వెళ్తుంది.

వానలూ దుమ్మూ ఇంకో సంగతి. మరల్లో బురద చేరి తుప్పు పడితే రెండేళ్లకు పళ్లెం కదలదు. ఎత్తు మార్చుకోవచ్చని కొన్నది, మార్చలేనిదైపోతుంది. కేడబ్ల్యూలాంటి కంపెనీలు స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాలు వాడేది అందుకే.

చట్టం సంగతీ చూడాలి

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మార్పుల మీద హద్దులు పెట్టింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా, కంపెనీ ఇచ్చిన మూల వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని తీర్పిచ్చింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. కాబట్టి కిట్ కొనకముందే ఆర్టీఏ కార్యాలయంలో కనుక్కోండి. బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. ప్రమాదం జరిగాక తెలియడం కంటే ముందే తెలియడం మంచిది.

కొనేముందు ఇవి అడగండి

* కారులో ఎవరెవరు కూర్చుంటారు? ఒక్కరే తిరిగే కారు వేరు, అమ్మానాన్నలూ పిల్లలూ ఎక్కే కారు వేరు.
* టైర్లు, బ్రేకులు, రబ్బరు బుష్‌లు బాగున్నాయా? అరిగిన బుష్‌ల మీద కాయిలోవర్లు వేయడం, చెదలు పట్టిన తలుపుకు కొత్త తాళం వేయడమే.
* కొత్త డ్యాంపర్లు చాలవా? ఏళ్లు తిరిగిన కారులో సగం సమస్య పాత డ్యాంపర్లదే. వాటిని మార్చితే చాలామందికి అక్కడితో సరిపోతుంది.
* స్ప్రింగు బిగువెంత? అంకె చెప్పలేనివాడి దగ్గర కొనొద్దు.
* కిట్ మన కారు మోడల్ కోసం చేసిందేనా? ‘అన్నిటికీ సరిపోతుంది’ అంటే దేనికీ సరిగ్గా సరిపోదని అర్థం.
* నూనె కారితే బాగుచేసేవాళ్లున్నారా? విడిభాగాలు దొరుకుతాయా?
* వేయించాక వీల్ అలైన్‌మెంట్ చేయిస్తున్నారా? ఎత్తు మారితే చక్రాల కోణం మారుతుంది. టైర్లు లోపలివైపు అరిగిపోతాయి. హెడ్‌లైట్ల దిశ కూడా చూపించుకోవాలి.
* పాత స్ప్రింగులూ డ్యాంపర్లూ ఇంటికి తెచ్చుకున్నారా? పారేయొద్దు. పాత సామాన్లవాడికి వేయొద్దు. రేపు వాటి అవసరం రావచ్చు.

ఇంకొక్కమాట. డబ్బు చాలదని ఉన్న స్ప్రింగులనే కోయించుకునేవాళ్లున్నారు. కోసిన స్ప్రింగు దాని పళ్లెంలో సరిగ్గా కూర్చోదు. గుంతలో చక్రం వేలాడినప్పుడు చోటు తప్పొచ్చు. ఆ పని మాత్రం ఎవరు ఎంత చౌకగా చేస్తామన్నా చేయించుకోకండి.

మా తమ్ముడి అదృష్టం... పాత సామాను డాబా మీద గోనెసంచిలో ఉంది. మేస్త్రి ఆ వారమే చౌక కిట్ విప్పేశాడు. కంపెనీ స్ప్రింగులు తిరిగి ఎక్కించి, కొత్త డ్యాంపర్లు వేశాడు. ఆర్నెల్లు అలాగే తిరిగాడు. ‘మలుపుల్లో ఇదే బాగుందక్కా’ అని ఓ రోజు తనే ఒప్పుకున్నాడు. అయినా మోజు తీరదు కదా! డబ్బు కూడబెట్టి, కనుక్కోవాల్సినచోటల్లా కనుక్కుని, తన కారుకని చేసిన ఓ మంచి కిట్ కొన్నాడు. మెత్తటి స్ప్రింగులు. బిగువు మార్చే మీటలు లేవు. కిట్ కాగితంలోని హద్దుల్లోనే, కంపెనీ ఎత్తుకు పదిహేను మిల్లీమీటర్లు మాత్రమే తక్కువ. ఫొటోలో పక్కన పెట్టి చూస్తే తప్ప తేడా తెలియదు. వాడి స్నేహితులు ‘దించినట్టే లేదు కదరా’ అన్నారట. వాడేమీ అనలేదు.

మొన్న కార్తీకంలో మళ్లీ గుట్టకు వెళ్లాం. అమ్మ ముందు ససేమిరా అంది. బతిమాలి ఎక్కించాం. ఉప్పల్ దాటింది, ఘట్‌కేసర్ దాటింది. అద్దంలోంచి తమ్ముడు అమ్మనే చూస్తున్నాడు, రోడ్డు చూడరా అని నేను కసిరేదాకా. బీబీనగర్ వచ్చేసరికి ఆమె సీటుకు తల ఆనించి నిద్రపోతోంది. భువనగిరి కోట కనిపించాక కళ్లు తెరిచి, చుట్టూ చూసి, తమ్ముడి భుజం తట్టింది.

‘ఇప్పుడు బాగుందిరా నాన్నా... అచ్చం బస్సులా ఉంది!’

పెర్ఫార్మెన్స్ కారుకు ఇంతకు మించిన ఘోరమైన పొగడ్త ఉండదు. మా తమ్ముడు మాత్రం గుట్ట చేరేదాకా నవ్వుతూనే ఉన్నాడు.